మంచురేకులకు పటము గట్టిన కర్షకుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసపాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున పుస్తకముల సంఖ్యను, చందాదారుల సంఖ్యను చదివి వినిపించుట ఆచారము. అది యుచితమైన పనియే. అయినను ఒక గ్రంథాలయపు నిజమైన ఆస్తి బీరువాలను లెక్కించినంత మాత్రమున తేలదు. ఆ పుస్తకములు చదివినవారి చేతులు పిదప ఏమి చేసినవో చూచినగాని ఆ లెక్క పూర్తి కానేరదు. చదువు కన్నులనుండి చేతులలోనికి దిగిన యొక పల్లెటూరివాని చరిత్రము నేటి ప్రసంగమునకు విషయము. అతడు పాడిపశువులను నమ్ముకొని బ్రదికిన కర్షకుడు. ఛాయాగ్రహణమున గురువు లేడు. కొలువిచ్చిన ప్రభువు లేడు. తన చేతులతో కూర్చుకొన్న కెమెరాతో నలుబదియేడు శీతకాలములు మంచురేకులకు ఛాయాచిత్రములు తీసెను. అతని పేరు విల్సన్ బెంట్లీ.

బెంట్లీ 1865వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈశాన్యమూలనున్న వెర్మాంట్ రాష్ట్రమున, జెరికో గ్రామమునందు జన్మించెను. ఆ సీమలో శీతకాలము దీర్ఘము. పొలములు, ఇండ్లకప్పులు, బాటలు సమస్తము మంచుక్రింద మునిగియుండును. తల్లి పూర్వము బడిలో చదువు చెప్పినది. కుమారునకు పదునాలుగేండ్లు వచ్చువరకు ఆమెయే యింటివద్ద చదువు నేర్పెను. ఆ యింట విజ్ఞానసర్వస్వ సంపుటములు కొన్ని యుండెను. బాలుడు వానినన్నింటిని చదివెను. పదునైదవయేట తల్లి తన చిన్న సూక్ష్మదర్శినిని అతని చేతికిచ్చెను. తోడి బాలురు ఆటలలో మునిగియుండగా ఆ బాలుడు నీటిబొట్టును, రాతిముక్కను, పూరేకును ఆ యంత్రముక్రింద పెట్టి చూచుచుండెను. ఒకనాడు మంచురేకును పెట్టి చూచెను. అటుపిమ్మట అతని దృష్టి మరల లేదు.

ఆ రేకులో ఏమున్నది? సంక్రాంతినాడు వాకిట తీర్చిన చుక్కలముగ్గును తలచుకొనినచో కొంత బోధపడును. నడుమ నొక చుక్క. దానినుండి ఆరు దిక్కులకు ఆరు కొమ్మలు. ఒక్కొక్క కొమ్మకు ఇరువైపుల సమానముగా రెమ్మలు. ముగ్గులో చేయి తప్పవచ్చును. చక్కగా పెరిగిన మంచురేకులో ఆ తప్పు కానరాదు. నీరు గడ్డకట్టునపుడు దాని అణువులు ఆరుమూలల యల్లికగా అమరుట ఈ యాకృతికి మూలము. 1611లో కెప్లర్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఈ ఆరుమూలల మంచును గూర్చి చిన్న గ్రంథమే వ్రాసెను. అంతటి గణితవేత్తయు దాని కారణమును పూర్తిగా తేల్చలేకపోయెను. ఏలయన, అణువుల యమరికను చూపగల సాధనము ఆనాటికి లేదు.

బెంట్లీ మొదట ఆ రేకులను కలముతో చిత్రింపబూనెను. చిత్రము సగములో నుండగనే రేకు కరగిపోయెడిది. కరగినదానిని మరల తెచ్చుట ఎవ్వరికిని సాధ్యము కాదు. అట్టి యాకృతి మరల నెన్నడును దిగిరాకపోవచ్చునను వ్యథ ఆ బాలుని బాధించెను. సూక్ష్మదర్శినికి కెమెరాను జోడించినచో రేకు కరగకముందే దాని రూపమును గాజుపలకపై పట్టవచ్చునని అతడు చదివి తెలిసికొనెను. ఆ పరికరములకు 100 డాలర్లు వ్యయమగును. పాడిరైతు ఇంట అది చిన్న మొత్తము కాదు. తండ్రికి ఈ పని బొత్తిగా గిట్టదు. మంచును చూచుచు కూర్చుండుట పనికిమాలినవారి పని యని ఆయన తలపు. అయినను తల్లి పట్టుదలవలన ఆ సొమ్ము వెచ్చించి కొనియిచ్చెను. ఆ తండ్రి పెట్టిన చీవాట్లను, ఆ తండ్రియే పెట్టిన పెట్టుబడిని రెండింటిని కలిపి చెప్పుట న్యాయము.

కొనిన పరికరములు కొనినట్లు పనిచేయలేదు. సూక్ష్మదర్శినిని కెమెరా ముందుభాగమున అతికింపవలెను. చిన్న వస్తువు పెద్దదిగా పడవలెనన్న కెమెరా తోలుతిత్తిని వెనుకకు బాగుగా సాగదీయవలెను. సాగదీసిన పిదప వెనుక నిలిచి గాజుపలకను చూచువానికి ముందున్న సూక్ష్మదర్శిని మర అందదు. మర త్రిప్పుటకు ముందునకు పోయినచో పలకపై బొమ్మ కుదిరినదో లేదో కానరాదు. ఈ చిక్కును బెంట్లీ కప్పీలతోడను త్రాటితోడను విడదీసెను. చక్రమునకు త్రాడు తగిలించి వెనుకనుండియే మర తిరుగునట్లు అమర్చుకొనెను. ఏటమునుగాని గిలకబావినిగాని చూచినవారికి ఈ యుక్తి క్రొత్తగా తోచదు. దానిని కెమెరాకు తగిలించుటలోనే బుద్ధివిశేష మున్నది.

రెండవ చిక్కు ఇంకను సూక్ష్మమైనది. పలకపై బొమ్మ మసకగా పడుచుండెను. ఒక శీతకాలము గడచెను, మరియొకటి గడచెను. తుదకు కటకము వెనుక వెలుతురు ప్రవేశించు రంధ్రమును మిక్కిలి చిన్నది చేసి, అందుకు బదులుగా వెలుతురు సోకు కాలమును పెంచి చూచెను. బొమ్మ గీచినట్లు తేటగా వచ్చెను. 1885వ సంవత్సరము జనవరి 15వ తేదీన అతనికి మొదటి మంచురేకు చిత్రము లభించెను. అప్పటికి అతనికి ఇరువదియేండ్లు నిండలేదు. రంధ్రము తగ్గినకొలది వెలుతురు తగ్గును, తేటదనము పెరుగును. తగ్గిన వెలుతురును ఓర్పుతో పూరింపవలెను. ఛాయాగ్రహణవిద్యలో ఇది మొదటి పాఠము. ఆ కర్షకుడు దీనిని ఒంటరిగా సాధించుకొనెను.

ఆ పని జరుగు విధము వినదగినది. నిప్పు లేని చలికొట్టములో యంత్రముండును. మంచు కురియునపుడు నల్లని పలకను ఆరుబయట పట్టి రేకులను స్వీకరించును. చేతివేడి సోకకుండ పలకకు తీగెపిడులుండును. ఏరిన యొక్క రేకును సన్నని పుల్లతో ఎత్తి గాజుపై దించి, పక్షియీకతో మెల్లగా అదిమి సమము చేయును. ఇంతసేపును ఊపిరి బిగబట్టవలెను; నోటియావిరి తగిలినచో రేకు లేదు, చిత్రము లేదు. పిదప కిటికీవైపునుండి వచ్చు వెలుతురు రేకుగుండ చొచ్చునట్లు యంత్రమును త్రిప్పి చిత్రము తీయును. చిత్రముతోబాటు తేదీని, చలి ప్రమాణమును, మేఘముల తీరును పుస్తకమున వ్రాసికొనును. ఈ వ్రాతయే అతని చిత్రములకు ప్రాణము పోసినది. తేదీలేని దస్తావేజు ఎట్టిదో, తేదీలేని ఛాయాచిత్రమును అట్టిదే. చూచుటకు బాగుండును, సాక్ష్యమునకు నిలువదు.

ఇచట నొక వివాదమును దాచక చెప్పవలెను. తీసిన చిత్రములో తెల్లని వెలుతురుపై మంచురేకు లేతబూడిదవన్నెగా పడును, అందము కానరాదు. అందుచేత బెంట్లీ గాజుపలకకు నకలు తీసి, ఆ నకలుపై రేకుచుట్టును ఉన్న పూతను సన్నని కత్తితో గంటలతరబడి గీకివేసెడివాడు. అచ్చు తీయునపుడు గీకినభాగము నల్లగా వచ్చి, ఆ నలుపుపై రేకు మెరసెడిది. జర్మనీ దేశమున మంచురేకుల చిత్రములు తీసిన నోయ్‌హౌస్ అను నతడు దీనిని తప్పుపట్టెను. గీకుటలో రేకు అంచులు వికృతమగునని అతని యాక్షేపణ. బెంట్లీ తాను చేయు పనిని ఏనాడును దాచలేదు. చుట్టునున్న భాగమును తీసివేయుట రేకును ఉన్నదున్నట్లు చూపుటకే యని సమాధానము చెప్పెను.

ఇరుపక్షముల మాటలోను సత్యమున్నది. బెంట్లీ అందమైన రేకులను ఏరి తీసెను. ఆకసమునుండి పడు మంచులో అధికభాగము విరిగినది, వంకరపోయినది, ఒకదానికొకటి అంటుకొన్నది. నేటి శాస్త్రజ్ఞులును ఆ మాటయే చెప్పుదురు. అతని చిత్రములను మాత్రమే చూచినవాడు మంచంతయు అట్లే యుండునని భ్రమపడును. కెమెరా అబద్ధమాడదని లోకులందురు గాని, దేనిని చూపవలెను, దేనిని విడువవలెనని నిర్ణయించువాడు మనుష్యుడు. ఆ నిర్ణయమును బాహాటముగ ఒప్పుకొన్నచో అది కళ, దాచినచో మోసము. చేతిలోని ఫోనుతో ముఖము రంగు మార్చగలిగిన ఈ దినములలో ఈ భేదమును పిల్లలకు ఎంత త్వరగా నేర్పిన అంత మేలు.

కొలువు లేని ఛాయాగ్రాహకుని జీవితమున జమాఖర్చుల ప్రస్తావన తప్పదు. బెంట్లీ గాజుచిత్రములను ఒక్కొక్కటి 5 సెంట్లకు అమ్మెను. పాఠశాలలు కొనినవి, నగలవర్తకులు, వస్త్రములపై నమూనాలు దించువారు కొనిరి. పత్రికలకు వ్యాసములు వ్రాసెను. ఉపన్యాసములు చేసెను. 1925లో అతడొక పత్రికకు చెప్పిన లెక్క యిది: అప్పటివరకు కాలమునకును సామగ్రికిని అయిన వ్యయము 15,000 డాలర్లు, ఆ పనివలన వచ్చినది 4,000 డాలర్లకు లోపు. తీసివేసి చూచిన 11,000కు పైగా లోటు. ఏ ఊరి షావుకారైనను ఈ పద్దు చూచి పెదవి విరుచును. ఆ విరుపులో అన్యాయమేమియు లేదు. చిత్రమును నమ్ముకొని బ్రదుకదలచిన యువకుడు 5 సెంట్ల వెలను ఆదర్శముగా గొనరాదు. శ్రమకు వెల కట్టుట, బయానా తీసికొనుట, తన చిత్రమును ఎవరు వాడుకొన్నను తన పేరు వేయుమని యడుగుట, ఇవి లోభగుణములు గావు. బెంట్లీకి పాడి యుండెను గనుక కూడు జరిగెను. పాడి లేనివాడు వెల యడుగక తప్పదు.

అయినను ఆ పద్దులో చేరని జమ యొకటి కలదు. 1904 ప్రాంతమున అతడు 500 చిత్రములను అమెరికా జాతీయసంస్థయైన స్మిత్‌సోనియన్‌కు భద్రపరచుట కొసగెను. వానలోను అతని పరిశోధన సాగెను. పళ్లెములో మెత్తని గోధుమపిండి జల్లించిపోసి, క్షణకాలము వానలో నుంచి తీసెడివాడు. ఒక్కొక్క చినుకు పిండిలో ఒక్కొక్క చిన్న యుండగా కట్టును. ఎండిన యుండలను కొలిచి చినుకుల పరిమాణమును నిర్ణయించెను. తెలిసిన పరిమాణముగల బొట్లను ముందుగా పిండిలో జార్చి, ఆ కొలత సరియైనదో కాదో పరీక్షించుకొనెను కూడ. 1904లో ఆ ఫలితములు అచ్చయినవి. వంటయింటి పిండితో వానచినుకును కొలిచిన ఆ యుపాయమును పిదపి తరముల శాస్త్రజ్ఞులు గైకొనిరి.

1931 నవంబరులో హంఫ్రీస్ అను భౌతికశాస్త్రజ్ఞుని తోడ్పాటుతో అతని మంచురేకుల గ్రంథము వెలువడెను. అందు 2,400కు పైగా చిత్రములు కలవు. అతడు జీవితకాలమున తీసిన మంచురేకుల చిత్రములు 5,000కు మించినవి. ఆ గ్రంథము సముద్రములు దాటి జపానునకు చేరెను. అచట నకాయా ఉకిచిరో అను భౌతికశాస్త్రజ్ఞుడు ఆ చిత్రములచే ప్రేరితుడై, 1936లో హొక్కైడో విశ్వవిద్యాలయపు చలిగదిలో కుందేటివెండ్రుక కొనపై మంచురేకును పెంచెను. ఎంత చలిలో, ఎంత తేమలో ఏ యాకృతి కలుగునో అతడు తేల్చెను. సున్నకు దిగువ ఇంచుమించు 5 డిగ్రీల చలిలో సూదులు, కంబములు. 15 డిగ్రీల చలిలో కొమ్మలు రెమ్మలుగల నక్షత్రములు. మేఘములో రేకు దిగివచ్చు దారిలో చలియు తేమయు క్షణక్షణము మారును. ఆరు కొమ్మలు ఒకేదారిని వచ్చును గనుక ఒకేతీరున పెరుగును. వేరొక రేకు వేరొక దారిని వచ్చును గనుక వేరుగా పెరుగును. చిక్కని యల్లికగల రేకులలో ఏ రెండును ఒకతీరుగా నుండవని బెంట్లీ చెప్పినదానికి కారణ మిదియే.

ఇంతటివానిని అతని ఊరు ఎట్లు చూచెను? ఒకప్పుడు బెంట్లీ తన చిత్రములను దీపయంత్రముతో తెరపై చూపుదునని, ఉపన్యాసము చేయుదునని గ్రామమున ప్రకటించెను. రుసుము లేదు. ఆ సాయంకాలము వాతావరణము కూడ ప్రశాంతముగనే యుండెను. వచ్చినవారు ఆరుగురు! దూరదేశపు పండితులు ఉత్తరములు వ్రాయుచుండగా, ఇరుగుపొరుగువారు అతనిని వెఱ్ఱివానిగ నెంచిరి. 1931 డిసెంబరులో అతడు మంచుబురదలో క్రోసులు నడచి యిల్లు చేరి, ఊపిరితిత్తుల వ్యాధితో పడి, 23వ తేదీన మరణించెను. గ్రంథము వెలువడి నెలయో, అంతకు కొంచె మెక్కువయో అయియుండెను. నేడు జెరికోలోని పాత ఎఱ్ఱమిల్లులో అతని చిత్రములను, పరికరములను ప్రదర్శనకుంచినారు. ఆ యూరిపేరు లోకమునకు తెలియుటకు అతడే కారణము. ఆరుగురు వచ్చిన యూరికి నేడు అతనిని చూడవచ్చువారే యాత్రికులు.

ఏకలవ్యుని కథ తెలియని తెలుగు పల్లె లేదు. గురువు దొరకనివాడు మట్టిబొమ్మను గురువుగ నిలుపుకొని విద్య నేర్చెనని పిల్లలకు చెప్పి పొగడుదురు. ఆ యేకలవ్యుడు తమ వీధిలోనే యుండి అట్టపెట్టెకు రంధ్రము చేయుచున్నపుడు, చదువు మాని ఈ పిచ్చిపనులేమని గద్దింతురు. పురాణములోని వానికి దండము, వీధిలోనివానికి దండన!

అట్టపెట్టెకు చేసిన రంధ్రము అల్పమైనది కాదు. వెలుతురు జొరని యొక పెట్టెను గైకొని, ఒకవైపు చతురస్రముగ కోసి, అచట పలుచని తగరపురేకు నంటించి సూదిమొనతో నొక సన్నని రంధ్రము చేయవలెను. ఎదుటివైపు కోసివేసి నూనె పూసిన పలుచని కాగితము నంటింపవలెను. తలపై నల్లని కంబళి కప్పుకొని ఆ కాగితమువైపునుండి ఎండలోనున్న చెట్టును చూచినచో, తలక్రిందులైన చెట్టు కాగితముపై ఆకులు కదల్చుచు కనబడును. వెలుతురు తిన్ననిగీతగా పోవును గనుక పైనుండి వచ్చినది క్రిందికిని, క్రిందినుండి వచ్చినది పైకిని పడును. కటకము లేదు, యంత్రము లేదు, పైస ఖర్చు లేదు. లోకమందలి కెమెరాలన్నియు ఈ పెట్టె సంతతియే. సూర్యుని మాత్రము ఏ రంధ్రముగుండను నేరుగా చూడరాదు. గ్రహణమునాడు చింతచెట్టు నీడలో నేలపై నెలవంకలు వందలుగ పడుట పెద్దలు చూచియుందురు. ఆకుల నడిమి సందులు రంధ్రములై సూర్యుని బొమ్మను నేలపై దించుచున్నవి. ఆ చెట్టును ఒక కెమెరాయే.

పాడైన సి.డి. యంత్రములోని చిన్నకటకమును ఊడదీసి ఫోను కటకముపై నిలిపినచో అది సూక్ష్మదర్శినివలె పనిచేయును. మంచురేకు ఇచట దొరకదు. గడ్డిపరకపై తెల్లవారుజామున నిలిచిన మంచుబొట్టు దొరకును. బెంట్లీ దానికిని చిత్రములు తీసెను. ప్రొద్దెక్కినవేళ కొద్దిసేపు మాత్రమే విచ్చుకొను వరిపూవు దొరకును. ఆకును తొలుచు పురుగు దొరకును. పురుగు ఏ తేదీన, ఏ చేనిలో, ఏ యాకుపై కనబడెనో చిత్రముక్రింద వ్రాసియుంచిన పిల్లవాని పుస్తకము పదియేండ్లకు ఊరికే యొక ఆస్తి యగును. కూలిపోవుచున్న రచ్చబండకు, మాయమగుచున్న మగ్గమునకు, ముసలివారి ముఖములకు చిత్రములు తీయవచ్చును. వారి యనుమతి నడిగి తీయవలెను. తీసినచో ఒక ప్రతి వారికీయవలెను.

గ్రంథాలయము చేయదగిన పనియు స్పష్టమే. తల్లి యిచ్చిన విజ్ఞానసర్వస్వము, తల్లి యిచ్చిన సూక్ష్మదర్శిని, ఈ రెండే జెరికో బాలుని మూలధనము. అట్టి తల్లి యింట లేని బాలురకు గ్రంథాలయమే తల్లి కావలెను. ఒక బీరువాలో పుస్తకములతోబాటు ఒక భూతద్దము, ఒక చిన్న సూక్ష్మదర్శిని ఉండుట కష్టము కాదు. సంవత్సరమున కొకనాడు ఊరి పిల్లలు తీసిన చిత్రములను ఈ గోడలపై పెట్టుట అంతకన్న కష్టము కాదు. ఆనాడు చూడవచ్చువా రెందరన్నదే ప్రశ్న. ఆరుగురితో సరిపెట్టుకొన్న యూరు చరిత్రలో ఒకటి చాలును.